చెరపొద్దు

రిచీ స్ట్రీట్‌లో మూడో మేడ మీద నా గది.
ఫ్యాను వేయను, దుమ్ము లేస్తుందని.
చెమటోడుస్తూ కూర్చుంటాను
కంపెనీలు ఎప్పుడో మూతబడ్డ మూడు వీసీఆర్ల మధ్య.
ఒకటి ఆడుతుంది. ఒకటి దానికి విడిభాగాలిస్తుంది.
మూడోది ఎందుకుందో నాకూ తెలీదు.

కుముదవల్లి గారు జౌళికొట్టు సంచిలో
ఏడు క్యాసెట్లు తెచ్చారు పెరంబూరు నుంచి.
వెనకాలే, హెల్మెట్ చంకలో పెట్టుకుని తమ్ముడు.
యాభై దగ్గర పడ్డ మనిషి. గుమ్మం దాటి లోపలికి రాలేదు.

ఈ ఊళ్ళో సముద్రపు గాలి ఊరకుండదు.
రీలు అంచుల మీద తెల్లటి బూజు,
అడుగంటిన ఊరగాయ జాడీలో లాగ.
దూదికి స్పిరిట్ అద్ది, వేలితో చక్రం తిప్పుతూ
జానెడు జానెడు తుడిచాను,
పసిబిడ్డ చెవి వెనక తుడిచినంత భయంగా.

ఈ పనిలో తొందరనేది కుదరదు.
మూడు గంటల టేపుకి మూడు గంటలే.
కంప్యూటర్ ఎంత వేగమైనదైనా
ఆ రోజు ఎంత నెమ్మదిగా గడిచిందో
అంత నెమ్మదిగానే తాగాలి దాన్ని.

ఆరు టేపులయ్యాయి.
ఒక ఓణీల వేడుక, ఎవరిదో గృహప్రవేశం,
రైల్వే క్వార్టర్స్ మైదానంలో గోనెసంచి పరుగు పందెం,
లెన్సు మూత తీయడం మర్చిపోయి తీసిన
నలభై నిమిషాల చీకటి. ఆ చీకట్లో ఎవరో
వంకాయల ధర గురించి తీరిగ్గా మాట్లాడుతున్నారు.

ఏడోదాని వీపు మీద నీలం బాల్‌పెన్‌తో
"చెరపొద్దు" అని రాసుంది.
కింద రెండు గీతలు.

వేశాను.
క్రికెట్టు.
ఎవరో ఎవరితోనో ఆడిన, ఎవరికీ గుర్తులేని వన్డే.
ఆవిడ కుర్చీలో ముందుకు వంగారు.
"ఇది కాదండీ. ఇందులో అమ్మ ఉండాలి.
రత్నస్వామి దగ్గర ఒక్కపూట అద్దెకి కెమెరా తెచ్చి
నాన్న తీశాడు."
ముందుకు తిప్పమన్నారు.
గబగబా తిప్పితే పాత రీలు తెగుతుంది, తిప్పనన్నాను.
ఓవరు తర్వాత ఓవరు,
సబ్బు ప్రకటన తర్వాత సబ్బు ప్రకటన,
ముగ్గురం చూస్తూ కూర్చున్నాం.
కాదు, ఇద్దరం. ఆయన నిలబడే ఉన్నాడు.

బహుమతులిస్తుండగా తెర చిరిగింది.
తెల్లటి గీతలు కిందనుంచి పైకి పాకాయి.
ట్రాకింగ్ మీట వెంట్రుకవాసి తిప్పాను.

వంటగది.
రుబ్బురోలు ముందు ఒకావిడ, మోచేతిదాకా పిండి.
తలెత్తి, ఎడమచేత్తో మొహం దాచుకుని,
"ఆపండీ, ఇంకా తలైనా దువ్వుకోలేదు."
నవ్వు సగంలో ఉండగానే తెరంతా చుక్కలు.

పదకొండు సెకన్లు.

ఆపమని ఆవిడ అంది. నేను ఆపలేదు.
ఆ చుక్కల్ని కూడా చివరిదాకా ఎక్కించాను.

"గీతలు తీసేయగలరా?"
తీయగలను.
"రంగు కొంచెం పెంచి..."
పెంచగలను.
"దీని ముందరిది?"
లేదండీ. దాని మీదే మ్యాచి ఎక్కింది.

క్యాసెట్ అంచున చిన్న రెక్క ఒకటుంటుంది.
విరిచేస్తే ఇక దాని మీద ఏదీ రికార్డవదు.
వాళ్ళ నాన్న విరిచే ఉంచాడు, జాగ్రత్తపరుడు.
ఆ కన్నం మీద
సెల్లోటేపు ముక్క అంటించి ఉంది, నీటుగా,
అంచులు కత్తెరతో సరిచేసి మరీ.
పుస్తకాలకి అట్టలేసుకునే పిల్లాడి పనితనం.

నేనేమీ అనలేదు.
క్యాసెట్ బయటికి తీసి బల్ల మీద పెట్టాను.
ఆయన లోపలికొచ్చాడు, చెప్పులతోనే.
హెల్మెట్ నేల మీద దించి
బొటనవేలి గోటితో గీకడం మొదలుపెట్టాడు.
పసుపెక్కి, పెళుసెక్కి, పొట్టులా రాలి రాలి
చివరికి ఊడింది.
ఇప్పుడు ఆ టేపు మీద ఎవరూ ఏమీ ఎక్కించలేరు.

ఆ ముక్కని చొక్కా జేబులో వేసుకుని
"మ్యాచి కూడా ఉండనివ్వండి," అన్నాడు.
"ఎంతయింది?"